కొండకింద కోటయ్య ఉన్నాడా?

దేవుడు లేడని రుజువు చేయడానికి నడుం కట్టి, చివరికి ఒక కొత్త దేవుణ్ణి తయారుచేసి జనం మీదికి వదిలిన హేతువాదిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే కాస్త ఓపిక పట్టండి. ఆ ఘనుణ్ణి నేనే. నా జీవితంలో నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ ఒక వరసలో నిలబెడితే మిగతావన్నీ దీనికి లేచి దండం పెడతాయి.

అప్పటికింకా మద్రాసు మద్రాసుగానే ఉంది. నేను ఆత్మకూరు నుంచి ఒక హేతువాద మాసపత్రిక నడిపేవాణ్ణి. పేరు చెప్పను. పాత చందాదారులు కొందరు ఇంకా బతికే ఉన్నారు. అచ్చు వేసేవాడు నా చిన్ననాటి స్నేహితుడు మస్తాన్. బస్టాండు వెనక సందులో అతని ప్రెస్సు. ఆ పత్రికకు నేనొక నియమం పెట్టాను. ఏ వ్యాసం వేసినా మరుసటి సంచికలో దానికి ఖండన వేసి తీరాలి. ఖండన రాకపోతే ఆ పేజీ తెల్లగా వదిలేయాలి. ప్రశ్నకు భయపడేది మతమే గాని హేతువాదం కాదని మొదటి సంచికలో బల్ల గుద్ది మరీ రాశాను. గుద్దిన చేయి నాదేనని అప్పట్లో గుర్తు లేదు.

ఆత్మకూరులో ఉన్నంతకాలం ఆ నియమంతో ఏ చిక్కూ రాలేదు. మా మెట్ట ప్రాంతంలో వానకు కరువుంటుంది గాని వాదనకు ఉండదు. టీ కొట్లో గ్లాసు కింద పెట్టేలోపు నలుగురు నన్ను ఖండించేవాళ్ళు. వాళ్ళందరిలోకి పెద్ద తలకాయ దానియేలు అయ్యవారు. మా వైపు బడిపంతుల్ని అయ్యవారంటాం. ఉదయగిరి నా సొంత ఊరు. అక్కడ నాకు అక్షరాలు దిద్దబెట్టింది ఆయనే. బాప్టిస్టు కుటుంబం. ఉద్యోగం అయిపోయాక ఆయన మిగుల్చుకున్న పనులు రెండు. ఆదివారం పొద్దున ప్రార్థనకు పోవడం, మధ్యాహ్నం నాతో కొట్లాడడం.

ఆయన చర్చి నుంచి ఇంటికి చేరేసరికి నేను ఆత్మకూరు బస్సు దిగి ఆయన అరుగు మీద సిద్ధంగా ఉండేవాణ్ణి. వాదన ఎప్పుడూ ఒకటే. ఉన్నాడా, లేడా. కొండ నీడ వీధి దాటి అవతలి ఇళ్ళ గోడలెక్కేదాకా సాగేది. ఎవరూ గెలిచేవాళ్ళు కాదు. గెలిస్తే మరుసటి ఆదివారం ఏం చేయాలో ఇద్దరికీ తెలియదు కాబట్టి, ఎవరూ గెలవకుండా ఇద్దరం జాగ్రత్తపడేవాళ్ళమని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇంత చక్కని బతుకులో నాకొచ్చిన కష్టం ఏమిటంటే, ప్రశాంతత లేదని. పెద్ద గ్రంథం రాయగలవాణ్ణి, ఈ బస్సుల మోతలో, ఈ టీ కొట్టు రభసలో నలిగిపోతున్నానని నా మీద నాకే జాలి పుట్టింది. సరిగ్గా ఆ సమయంలోనే మద్రాసులో తోళ్ళ వ్యాపారం చేసే ఒక చందాదారుడు ఉత్తరం రాశాడు. మహాబలిపురం పోయే దారిలో, సముద్రం ఒడ్డున, పెద్దవాళ్ళ బంగళాల మధ్య ఆయనకొక ఇల్లుందట. ఖాళీగా ఉందట. నేను అందులో ఉండి, తన కంపెనీ కాగితాలు తెలుగులోకి మార్చిపెడుతూ మిగతా కాలమంతా రాసుకోవచ్చట. పత్రిక పని అక్కడి నుంచే చేసుకోవచ్చని ఆయనే చెప్పాడు. ఇంట్లో ఎస్టీడీ ఫోను ఉంది, వీధి చివర పోస్టాఫీసు ఉంది, ఇంకేం కావాలి?

అయ్యవారికి చెప్పడానికి వెళ్ళాను.

"పోతా ఉండావంట గదా" అన్నాడు ఆయన.

"అవును సార్. ఆడైతే ప్రశాంతంగా రాసుకోవచ్చు."

"నాతో కొట్లాడేది ఎవురు మరి?"

"పోస్టులో కొట్లాడుకుందాం సార్. మీరు ఖండన రాసి పంపండి, నేను వేస్తా."

"నేను పోస్టులో వాదించనురా" అన్నాడు అయ్యవారు. "మొకం చూస్తేనే నాకు మాటొచ్చేది. కార్డు మీద నీ ఎకసెక్కెం కనపడతాది గాని నువ్వు కనపడవు."

ముసలాయన పంతంలే అనుకున్నాను. పెట్టె సర్దుకున్నాను.

ఆ ఊరి సంగతి చెప్పాలి. సరుగుడు తోపుల వెనక తెల్లటి బంగళాలు. గోడలకు బదులు అద్దాలు. కుక్కలు మనుషుల్ని షికారుకు తీసుకుపోయేవి. ఎవరూ గట్టిగా మాట్లాడరు, ఎవరూ ఎవరి గేటు ముందూ నిలబడరు. నా ముందు సముద్రం, నా వెనక నిశ్శబ్దం. మొదటి వారం స్వర్గం అంటే ఇదేనని ఒప్పుకునేవాణ్ణే, స్వర్గం లేదని అంతకు ముందే వ్యాసం రాసి ఉండకపోతే.

రెండో వారానికి నా ప్రాణం కొట్టుకోవడం మొదలైంది. పక్క బంగళాలో ఒక రిటైరైన కల్నల్ ఉండేవాడు. ఆయన్ని పట్టుకుని, చొక్కా చేతులు మడిచి, దేవుడు లేడని చెప్పాను. ఆయన ఎంతో మర్యాదగా నేను చెప్పింది చాలా సబబుగా ఉందని, నిమ్మకాయ నీళ్ళు తాగుతానా అని అడిగాడు. మరునాడు ఇంకా ఘాటుగా ఆత్మ కూడా లేదన్నాను. దానికీ ఒప్పుకున్నాడు, ఈసారి బిస్కెట్లు తెప్పించాడు. ఎదురింటావిడతో జ్యోతిషం అంతా మోసమని చెప్తే, మీరు ఎంత బాగా మాట్లాడతారండీ అని నవ్వి కుక్కను లాక్కుని వెళ్ళిపోయింది. పహిల్వానును తీసుకుపోయి పూలతోటలో వదిలితే ఎలా ఉంటుందో ఆలోచించండి. మల్లెతీగను ఎంతసేపని పట్టు పడతాడు?

వ్యాసం రాసి ఆత్మకూరుకు పంపాను. ప్రూఫులు మస్తాన్ నెల్లూరు బస్సులో వేస్తే, అక్కడ బస్సు మారి, మద్రాసులో మరో బస్సు మారి, వడలు చుట్టిన కాగితంలా నా దగ్గరికి చేరేవి. దిద్ది తిప్పి పంపేవాణ్ణి. అంతా గడియారంలా నడిచింది, ఒక్క ఖండన తప్ప. ఉత్తరాలన్నీ సంపాదకుడి చిరునామాకే రావాలి. ఆ చిరునామా ఇప్పుడు సముద్రం ఒడ్డు. టీ గ్లాసు పట్టుకుని నోటితో ఖండించే మా వాళ్ళలో, స్టాంపు అంటించి మరీ ఖండించేంత కోపం ఎవరికుంది? అయ్యవారు అన్నమాట మీద నిలబడ్డాడు. ఒక్క కార్డు ముక్క రాయలేదు.

ఆ నెల పేజీ తెల్లగానే వెళ్ళింది. మస్తాన్ ప్రెస్సులో సిరా అయిపోయిందని ఊళ్ళో చెప్పుకున్నారు. చేజర్ల నుంచి ఒకాయన ఆ పేజీ మీద మనవరాలి చేత అ ఆలు దిద్దించి, పిల్ల చేతిరాత ఎలా ఉందో చెప్పమని నాకే పంపాడు.

మరుసటి నెల కూడా ఖండన రాలేదు. ఒక సాయంత్రం వరండాలో కూర్చున్నాను. ఆ తీరంలో సముద్రం తూర్పున. పొద్దు వెనకెక్కడో బంగళాల మధ్య, ఎవరికీ చెప్పకుండా పడిపోతుంది. ఇప్పుడు ఉదయగిరిలో కొండ నీడ ఎంతదాకా వచ్చి ఉంటుందా అనుకున్నాను. ఆ అరుగు దాకా వచ్చి ఉంటుంది. అరుగు మీద ఆయన ఒక్కడే ఉండి ఉంటాడు. హేతువాదిని కాబట్టి ఈ బాధంతా ఉప్పుగాలి వల్లేనని నిర్ణయించి, లోపలికి పోయి కలం తీశాను. నన్ను నేనే ఖండించుకుంటూ ఇలా రాశాను:

"అయ్యా సంపాదకుడా, సముద్రం ఒడ్డున కూచోని దేవుడు లేడని రాసినావు. ఆడ అలలు వస్తాయి, పోతాయి. నిన్ను నిలబెట్టి అడిగేది ఏదీ ఉండదు. ఒక్క తూరి మా కొండకిందికి రా. పొద్దు వాలినాక కొండ నీడ ఒక్కొక్క ఇల్లే దాటుకుంటా వస్తాది. ముందు కోళ్ళు గంప కిందికి పోతాయి. తర్వాత మనుషుల మాటలు తగ్గతాయి. ఆ నీడ నా గడప తొక్కినప్పుడు ఎవురో వచ్చినట్టే ఉంటాది. ఎవురో నాకు తెల్దు. ఎవురూ రాలేదని నువ్వెట్టా చెప్తావు?"

కింద సంతకం కావాలి కదా. ఉదయగిరి, కొండకింద కోటయ్య అని పెట్టాను. రెండో ఆలోచన లేకుండా కవర్లో పెట్టి మస్తాన్‌కు పంపాను.

ఇక్కడ ఒక సంగతి గుర్తుచేయాలి. అంతకు ముందు ఏడాది, ఒక బాబాగారు తన మనుషుల్నే కుంటివాళ్ళలా కూర్చోబెట్టి, చేయి తగిలించి నడిపిస్తున్నాడని బయటపెట్టి మా జిల్లాలో పేరు కొట్టినవాణ్ణి నేను. ఇప్పుడు నా మనిషిని నేనే కూర్చోబెట్టాను. బాబాగారి మనిషికి కనీసం కాళ్ళుండేవి. ఈ గుట్టు రట్టయిందంటే పత్రిక మూత పడుతుంది, మస్తాన్ ఆత్మకూరులో తలెత్తుకు తిరగలేడు, అయ్యవారు నన్ను అరుగు ఎక్కనివ్వడు. ఈ మూడోది తలుచుకున్నప్పుడే నాకు నిజంగా చెమట పట్టేది.

కాని కోటయ్య ఆగలేదు. నాకు నెల్లాళ్ళు పట్టే వ్యాసం వాడికి ఒక్క పూట పట్టేది. నేను ప్రకృతి సూత్రాల గురించి రాస్తే, వాడు ఎర్రనేల మీద మొదటి వాన చినుకు పడ్డప్పుడు ముసలి ఎద్దు తల పైకెత్తి ఎందుకు నిలబడుతుందో చెప్పమనేవాడు. నేను మరణం తర్వాత ఏమీ లేదంటే, వాడు తన భార్య వాడిన ఉదయగిరి చెక్క గరిటె అరిగిన వైపు చూపించి, ఈ అరుగుదల ఎవరిదని అడిగేవాడు. నాకు పెళ్ళే కాలేదు. వాడు ఆ గరిటె గురించి రాస్తుంటే నేనే కళ్ళు తుడుచుకున్నాను.

మస్తాన్ ఫోను చేశాడు. చందాలు పెరిగాయట. జలదంకి నుంచి కూడా అడుగుతున్నారట. టీ కొట్లో ఒకరు చదువుతుంటే పదిమంది వింటున్నారట. నా ఛాతీ ఉబ్బింది.

"నా వ్యాసం అంత బాగుండాదా?" అన్నాను.

"నీ వ్యాసం కాదురా. కోటయ్యది. నువ్వు ఈ తూరి కాస్త తగ్గించి రాయి, ఆయనకు చోటు చాలడం లేదు."

అసూయ అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. నా చేతి కింద పుట్టినవాడు నా పేజీ ఆక్రమిస్తున్నాడు. వాణ్ణి ఎలాగైనా మట్టి కరిపించాలని మరుసటి ఖండనలో వాడి చేత తెలివితక్కువ మాటలు రాయించబోయాను. మొదటి వాక్యం దాకా బాగానే ఉంది. రెండో వాక్యంలో కొండ వచ్చింది. కొండ వస్తే ఇక నా కలం నా మాట వినదు.

అప్పుడొచ్చింది అసలు ఉపద్రవం. మస్తాన్ మళ్ళీ ఫోను చేసి, ఆత్మకూరు మార్కెట్ షెడ్డులో సభ పెట్టానన్నాడు. నేను, కోటయ్య, ముఖాముఖి. కరపత్రాలు అచ్చయిపోయాయి, ఊళ్ళకు పంచడం కూడా అయిపోయింది. నేను తడబడుతూ కోటయ్యకు ఒంట్లో బాగాలేదన్నాను. కారు పంపుతానన్నాడు. కోటయ్య సభలకు రాడన్నాను. తనే పోయి కాళ్ళు పట్టుకుంటానన్నాడు.

"ఇల్లు యాడో చెప్పు."

"కొండకింద."

"ఉదయగిరిలో కొండకింద లేనిల్లు యాడుండాదిరా?"

వద్దు, ఆయన తనంతట తనే వస్తాడని చెప్పి ఫోను పెట్టేశాను. ఇక మిగిలిన దారి ఒక్కటే. కోటయ్యను చంపేయాలి. చిన్న వార్త రాస్తే చాలు: మన అభిమాన పాఠకుడు కన్నుమూశారని విచారంతో తెలియజేస్తున్నాం. కాగితం తీసి కూర్చున్నాను. ఆయన వయసెంత, ఏ జబ్బుతో పోయాడు, చివరి మాట ఏమన్నాడు అని ఆలోచించేసరికి నా చేయి ఆడలేదు. ఆ ఊళ్ళో నాతో కాదు అని అన్న ఒకే ఒక్క మనిషి ఆయన. ఆయన్నీ చంపుకుంటే నాకు మిగిలేది కల్నల్, నిమ్మకాయ నీళ్ళు. కాగితం నలిపి పారేసి బస్సెక్కాను.

సభ ఆదివారం మధ్యాహ్నం. షెడ్డు కిక్కిరిసిపోయింది. ఉదయగిరి నుంచి వచ్చే ప్రతి బస్సు దగ్గరా మస్తాన్ పూలదండతో మనుషుల్ని నిలబెట్టాడు. తలపాగా ఉన్న ముసలాయన దిగితే చాలు, కోటయ్యా అని మీద పడుతున్నారు. ఒకాయన దండ వేయించుకుని, రెండు సోడాలు తాగి, చప్పట్లు కొట్టించుకుని, తను గేదెను బేరం చేయడానికి వచ్చానని తీరిగ్గా చెప్పాడు.

వేదిక మీద రెండు కుర్చీలు. ఒకదాంట్లో నేను. రెండోది ఖాళీ. ఆ ఖాళీ కుర్చీ మీదే అందరి కళ్ళూ. చివరికి లేచి, ప్రత్యర్థి రాలేదు కాబట్టి సభ ముగిద్దామన్నాను. జనం ఒప్పుకోలేదు. నేనే ఆయన్ని భయపెట్టి రాకుండా చేశానని ఒకడన్నాడు. సముద్రం డబ్బు తిన్నానని ఇంకొకడన్నాడు. సముద్రానికి డబ్బెక్కడిదని అడగడానికి ఇది సమయం కాదని ఊరుకున్నాను.

అప్పుడు మధ్య వరసలోంచి దానియేలు అయ్యవారు లేచాడు. తెల్ల పంచె, ప్రార్థనకు వేసుకునే చొక్కా. నెమ్మదిగా మెట్లెక్కి వచ్చి ఖాళీ కుర్చీ పక్కన నిలబడ్డాడు. కూర్చోలేదు. అంతకాలం తర్వాత నేను ఆయన ముఖం చూడడం అదే. చిక్కిపోయాడు.

"శీనా, ఒక మాట అడగనా?"

"అడగండి సార్."

"దేవుడు ఉండాడా లేడా అని మనం శానా ఏళ్ళు కొట్లాడినాం. ఈ పొద్దుకు అది పక్కన పెట్టు. కోటయ్య ఉండాడా?"

ఉన్నాడంటే, ఎక్కడ, ఎవరు చూశారు, రుజువేది అని అడుగుతాడు. అవన్నీ నేను ఆయనకు నేర్పిన ప్రశ్నలే. ఇంతమంది నమ్ముతున్నారు కదా అని నేననలేను. నమ్మేవాళ్ళ సంఖ్య రుజువు కాదని ఆయన అరుగు మీదే బల్ల లేక తొడ చరిచి మరీ చెప్పినవాణ్ణి. పోనీ లేడందామా? లేడంటే పత్రిక పోతుంది, మస్తాన్ పోతాడు, అరుగు పోతుంది. ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు. ఆ ముఖం చూస్తూ అబద్ధం చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాలేదు.

"లేడు సార్."

"మరి ఆ మాటలు ఎవురివి?"

"నేనే రాసినాను సార్. ఆడ నన్ను కాదనేవాళ్ళు ఎవురూ లేరు. తట్టుకోలేకపోయినా."

అయ్యవారు తల పంకించి ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. మస్తాన్ చేతిలోని దండ కిందికి జారింది. నేను కళ్ళు మూసుకుని చెప్పుల కోసం ఎదురుచూశాను.

చెప్పులు రాలేదు. వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"దేవుణ్ణే లేడన్నోడు. కోటయ్యను లేడనడం ఈయనకొక లెక్కనా?"

షెడ్డు అదిరిపోయేలా చప్పట్లు. నేను చేతులూపుతూ నిజం చెప్తున్నానని మొత్తుకున్నాను. ఒకాయన లేచి, కోటయ్య తన చిన్నమ్మ ఊరివాడని, పొగాకు చేలో కళ్ళారా చూశానని చెప్పాడు. రుజువు కోసం కోటయ్య రాయబోయే ఖండన అక్కడికక్కడే అప్పజెప్పాను. చూడండి, ఆయన మాటలు ఎట్టా బట్టీ పట్టినాడో అన్నారు. చివరికి చేజర్ల రైతు ఒకాయన నింపాదిగా లేచి నా పరువు పూర్తిగా తీశాడు.

"ఆ మాటలు ఈయన రాసేవేనా? ఈయన వ్యాసం మీరు ఎప్పుడన్నా చదివినారా అబ్బా?"

సభ కోటయ్య గెలిచినట్టు తీర్మానించింది. దండ కుర్చీకి వేశారు. అందులో అయ్యవారున్నాడు కాబట్టి అది ఆయన మెడలో పడింది.

బయటికొచ్చాక ఆయన పక్కన నడవడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. ఆయనే ఆగాడు.

"నిజం చెప్పినా నమ్మరేంది సార్?" అన్నాను ఏడుపు గొంతుతో.

"నాకు నీతో శానా ఏళ్ళుగా అదే బాధ" అన్నాడు అయ్యవారు. కాసేపు నడిచాక మళ్ళీ అన్నాడు. "ఊరి మీద అంత బెంగ ఉంటే నోరు తెరిచి చెప్పకూడదా? నేనే బస్సెక్కి వచ్చి ఆ సముద్రం కాడ తిట్టిపోయేవాణ్ణి గదా."

"మీకు ఎప్పుడు తెలిసింది సార్, అది నేనేనని?"

"మొదటి నెలే. ఆ నీడ నా గడపకే గదరా వచ్చేది. పద, బస్సుకు టైమైపోయింది. మిగతాది ఇంటికాడ చూసుకుందాం."

ఆ సాయంత్రం మేము ఉదయగిరి చేరేసరికి చీకటి పడింది. వాదించడానికి వేళ కాదని ఆయన భార్య ఇద్దరినీ కసిరి అన్నం పెట్టింది. సముద్రం ఒడ్డున ఉన్న నా పెట్టె కోసం నేను తిరిగి వెళ్ళలేదు. కల్నల్ గారే ఎంతో మర్యాదగా పార్సెల్లో పంపించాడు.

మస్తాన్ కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడినప్పుడు, ఈ నెల కోటయ్య ఉత్తరం ఏదని అడిగాడు. నేను ససేమిరా అన్నాను. కోటయ్య కల్పితమని, క్షమించమని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేశాను. ప్రెస్సు చిరునామాకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఒక్కటీ నాకు కాదు. అన్నీ కోటయ్యకే. ఆ సంపాదకుడి మాటలు మనసులో పెట్టుకోవద్దని, ధైర్యంగా ఉండమని.

అయ్యవారు పోయి చాలా ఏళ్ళయింది. ఆదివారం మధ్యాహ్నాలు ఇప్పుడు నాకు చాలా ప్రశాంతంగా గడుస్తాయి. ఎవరూ అడ్డు రారు. ఆ పెద్ద గ్రంథం ఇప్పటికీ రాయలేదు.

ఈమధ్య చేజర్లలో టీ తాగుతుంటే ఒక ముసలాయన నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చున్నాడు. పాత చందాదారుడట. అదీ ఇదీ మాట్లాడి, గొంతు తగ్గించి అడిగాడు.

"కోటయ్య బాగుండాడా?"

ఆయన్ని చూశాను. జీవితమంతా లేడు, లేడు అని చెప్పి అలసిపోయిన నోరు ఇది.

"బాగుండాడు" అన్నాను.

"ఇంకా కొండకిందే ఉండాడా?"

"ఆడే ఉండాడు పెద్దాయనా. యాడికి పోతాడు?"

కావున, దైవసాక్షిగా చెప్పడం నాకు కుదరదు కాబట్టి ఆ టీ గ్లాసు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో, ఇంకో జన్మ లేదని నేనే రాశాను గనక ఈ జన్మలోనే, మళ్ళీ ఒక్క మనిషిని కూడా సృష్టించను. సృష్టి ఎంత సులువో, సృష్టించినవాణ్ణి లేడనిపించడం ఎంత కష్టమో నాకు తెలిసొచ్చింది. ఇక రెండోది. నన్ను పేరు పెట్టి పిలిచి తిట్టే మనిషి లేని ఊళ్ళో, దాని ముందు ఎంత సముద్రం పరిచి ఉన్నా సరే, ఒక్క పూట కూడా కాపురం పెట్టను.